ఎవరు చేస్తారు? లక్ష్యాల షెల్ఫు, మూడు పుస్తకాలు

జీవితంలో లక్ష్యాలు పెట్టుకోవడం గురించి, వాటిలో ఏది ముందు ఏది వెనక అని తేల్చుకోవడం గురించి తెలుగులో ఏం చదవాలి అని ఎవరైనా అడిగితే నేను మూడు పుస్తకాలు చెప్తాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి', 2012. మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా', 2019. అడిగినవాళ్లు ఒక క్షణం ఆగి, "అవి పోరాట పుస్తకాలు కదా" అంటారు. అవును, పోరాట పుస్తకాలే. మనం వాటిని అట్లాగే చదివాం, అట్లాగే మెచ్చుకున్నాం, షెల్ఫులో ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేశాం. నా ఫిర్యాదు ఆ షెల్ఫు మీదే.

ఈ ఎంపికలో ఊరి పక్షపాతం కొంత ఉందని ముందే చెప్పేస్తాను. మాది తిరుమలగిరి. సికింద్రాబాద్ తిరుమలగిరి కాదు, నాగార్జునసాగర్ దగ్గరిదీ కాదు. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద ఉన్నది. 2016 అక్టోబరు దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత సూర్యాపేట జిల్లా. చాకలి అయిలమ్మ పాలకుర్తి, 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు బలైన కడవెండి, మల్లు స్వరాజ్యం సొంతూరు కర్విరాల కొత్తగూడెం, అన్నీ మాకు బస్సు దూరం. ఈ ఊళ్ల పేర్లు మాకు చరిత్ర పాఠం కంటే ముందు బస్సు బోర్డుల మీద తెలుసు. ఇప్పుడు ఇదే చుట్టుపక్కల 'లక్ష్యం' అన్న మాట ఎక్కువగా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ. అవి కాకపోతే హైదరాబాద్, సాఫ్ట్‌వేర్. నేను ఆ చివరి కోవలోకి వస్తాను.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలను సాహిత్యం వాళ్లు వెక్కిరించినట్టు నేను వెక్కిరించలేను. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' ఎన్ని హాస్టల్ గదుల్లో చేతులు మారిందో, అట్ట ఊడిపోయి దారంతో కుట్టించుకుని మళ్లీ ఎన్ని గదులు తిరిగిందో, ఆ గదుల్లో ఉన్నవాళ్లకి తెలుసు. బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలూ అంతే. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లగాడిని కూర్చోబెట్టుకుని, "నువ్వేం కావాలనుకుంటున్నావు?" అని వాడి భాషలో అడిగింది ఆ పుస్తకాలే. మంచి నవలలు వాడి గురించి రాశాయి గానీ వాడితో మాట్లాడలేదు. ఈ తేడా చిన్నది కాదు. మన విమర్శ దాన్ని ఇప్పటిదాకా పట్టించుకోకపోవడం మన లోపమే.

కానీ ఆ పుస్తకాలు వాడే భాష ఎక్కడి నుంచి వచ్చింది? ఇది అడగాలి. లక్ష్యం ఎట్లా ఉండాలో చెప్పడానికి ఈ షెల్ఫులో సగం పుస్తకాలు వాడే సూత్రం 'స్మార్ట్'. ఐదు ఇంగ్లిష్ అక్షరాలు, ఐదు గుణాలు. నిర్దిష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుగా ఉండాలి, సాధించగలిగేదై ఉండాలి, వాస్తవికంగా ఉండాలి, గడువు ఉండాలి. ఈ సూత్రం 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలోది. ఆయన రాసింది కంపెనీ మేనేజర్ల కోసం, కంపెనీ లక్ష్యాల గురించి. అందులో మూడో అక్షరం 'ఎ'. డోరన్ దానికి చెప్పిన అర్థం 'సాధించగలిగేది' కాదు. 'అసైనబుల్'. అంటే ఈ పని ఎవరు చేస్తారో పేరు పెట్టి చెప్పాలి.

కంపెనీ గదిలోంచి పడగ్గదిలోకి వచ్చే దారిలో ఎక్కడో ఈ 'ఎ' మారిపోయింది. "ఎవరు చేస్తారు?" పోయి "చేయగలవా?" వచ్చింది. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చుట్టూ ఉన్న మనుషులను చూడాలి. రెండోదానికి అద్దం చాలు. వ్యక్తిత్వ వికాసం మొత్తం ఈ ఒక్క అక్షరం మార్పులో ఉందని నాకనిపిస్తుంది. లక్ష్యం నాదైతే పని చేసేది కూడా నేనే అయి ఉంటాను కదా, ఇంకెవరిని అడగాలి?

రోజూ టికెట్ల మధ్య బతికేవాడిని కాబట్టి నాకు ఈ తేడా తొందరగా తగులుతుంది. మా బోర్డు మీద ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది, పీ-జీరో, పీ-వన్, పీ-టూ అని. దాని పక్కనే 'అసైనీ' అని ఒక గడి ఉంటుంది. మొదటి గడిలో ఎంత ఎర్రరంగు పెట్టినా, రెండో గడి ఖాళీగా ఉంటే ఆ టికెట్ కదలదు. మొదటి గడి నింపేవాళ్లు, రెండో గడిలో పేరు ఉండేవాళ్లు చాలాసార్లు వేరు వేరు మనుషులు. ఇది తెలుసుకోవడానికి ఉద్యోగంలో ఒక్క సోమవారం చాలు. ఇదే మనిషి ఇంటికొచ్చి సొంత జీవితానికి లిస్టు రాసుకున్నప్పుడు మాత్రం ఆ రెండో గడి గీసుకోడు. ఉదయం ఐదింటికి లేవాలి, వ్యాయామం చేయాలి, పుస్తకం రాయాలి అని రాసుకుంటాడు. ఐదున్నరకి టీ ఎవరు పెడతారన్నది లిస్టులో ఉండదు.

మనవాళ్లకి నచ్చే ఉదాహరణ పక్షి కన్ను కథ కూడా ఇట్లాంటిదే. అర్జునుడికి కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదు, అదీ ఏకాగ్రత అంటారు. ఆదిపర్వంలో ఆ కథకు కాస్త ముందే ఏకలవ్యుడు బొటనవేలు కోసి ఇస్తాడు. అర్జునుడి గురి వెనక ఆ వేలు ఉంది. లక్ష్యాల పుస్తకాలు రెండో కథ నుంచి మొదలుపెడతాయి.

ఇప్పుడు ఆ మూడు పుస్తకాలు.

'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు చెప్పుకున్న జీవిత కథలు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు వాళ్లను వెతికి పట్టుకుని, మాట్లాడించి, రికార్డు చేసి అచ్చువేశారు. 1989లో ఇంగ్లిష్‌లో కూడా వచ్చింది. అందులో అయిలమ్మ ఉంది, సాలమ్మ ఉంది, కమలమ్మ ఉంది, అచ్చమాంబ, స్వరాజ్యం, కోటేశ్వరమ్మ, ప్రమీలాతాయి, జమాలున్నిసా బాజీ ఉన్నారు. అయిలమ్మ 1985 సెప్టెంబరులో పోయింది, పుస్తకం చూడకుండానే.

అయిలమ్మ కథను డోరన్ కొలబద్దతో చూస్తే అన్ని గడులూ నిండుతాయి. నిర్దిష్టం: తను కౌలుకు తీసుకున్న పొలంలో పంట. కొలవదగ్గది: ఎన్ని బస్తాలో లెక్క ఉంది. గడువు: కోత రోజు. వాస్తవికమా అంటే విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి ఎదురు నిలబడి పంట ఇంటికి తెచ్చుకోవడం ఆ రోజుల్లో ఏ పుస్తకం చూసినా వాస్తవికం కాదనే చెప్తుంది. అయితే ఆమెకు ఐదో గడి, ఆ 'ఎవరు' అన్న గడి నిండింది. సంఘం వాళ్లు కదిలి వచ్చారు, కోశారు, మోశారు. ధాన్యం ఇంటికి చేరింది. ఆమె ధైర్యాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ధైర్యం ఉన్నవాళ్లు ఆ ఊళ్లలో అంతకుముందూ ఉండి ఉంటారు. వాళ్ల పంట మాత్రం ఇంటికి రాలేదు.

కమలమ్మ కథ ఇంకో రకం. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే. దళంలో ఉండగా ఆమెకు కాన్పయింది. అడవిలో పసిగుడ్డు ఏడిస్తే అందరి ప్రాణాలకూ ముప్పు. పార్టీ ఆమె ముందు రెండు దారులు పెట్టింది. బిడ్డను తీసుకుని వెళ్లిపోవడం, లేదా బిడ్డను ఎవరికైనా ఇచ్చేసి దళంలో ఉండటం. ఆమె బిడ్డను ఇచ్చేసింది.

దీన్ని త్యాగం అని చదవడం సులువు. దారుణం అని చదవడం కూడా సులువే. లక్ష్యాల పుస్తకంగా చదివితే ఏం కనపడుతుంది? ఆమె లక్ష్యం ఆమెదే. దళంలోకి ఎవరూ ఎత్తుకుపోలేదు, భూమి కోసం, వెట్టి పోవాలని తనే వెళ్లింది. కానీ 'ఏది ముందు' అన్న ప్రశ్నను ఆమె అడుక్కోలేదు, ఇంకెవరో తయారుచేసి ఆమె ముందు పెట్టారు. అదే దళంలో ఉన్న మగవాళ్లకీ పిల్లలున్నారు. వాళ్ల ముందు ఈ రెండు దారులు ఎవరూ పెట్టలేదు, ఎందుకంటే వాళ్ల పిల్లలను చూసే పని అప్పటికే ఇంటి దగ్గర ఎవరికో అప్పగించి ఉంది. వాళ్ల 'అసైనీ' గడి పుట్టుకతోనే నిండి వచ్చింది. ఆ గడి ఖాళీగా ఉన్న మనిషికి మాత్రమే ప్రాధాన్యం అనేది ప్రశ్నగా ఎదురవుతుంది. మిగతావాళ్లకి అది అప్పటికే తేలిపోయిన విషయం. ఇక్కడ పార్టీని దుర్మార్గురాలిగా చూపించాలన్నది నా ఉద్దేశం కాదు. తుపాకులు వెంటపడుతున్న అడవిలో ఆ నిర్ణయానికి కారణాలు ఉన్నాయి. కారణాలు ఉండటం, ఆ ఖర్చు ఎప్పుడూ ఒకే వైపు నుంచి కట్టించుకోవడం, రెండూ నిజమే.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఈ పుస్తకం అసలు బలం అక్కడి నుంచి మొదలవుతుందని నేననుకుంటాను. తుపాకీ పట్టిన ఆడవాళ్లు ఇంటికి పోవాలి. ఏ ఇంటికి? లక్ష్యం మారిపోయిందని చెప్పినవాళ్లు కొత్త పని ఎవరికి ఏమిటో కూడా చెప్పాలి కదా. మగవాళ్లకు ఎన్నికలు, సంఘాలు, చదువులు, వకాలతులు దొరికాయి. ఆడవాళ్లలో ఎక్కువమందికి పొయ్యి దొరికింది. ఈ పేజీలు చదువుతుంటే ఆవేశం రాదు, నీరసం వస్తుంది. పదేళ్లు పరిగెత్తిన మనిషిని హఠాత్తుగా కూర్చోమంటే కాళ్లకి వచ్చే నొప్పిలాంటిది.

ఒక విమర్శ కూడా చెప్పుకోవాలి. అడిగినవాళ్లు తమ ప్రశ్నలతో వెళ్లారు. డెబ్భైల చివర, ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లో స్త్రీవాదం పెంచుకున్న ప్రశ్నలు అవి. చెప్పేవాళ్లకి వాళ్ల లెక్కలు వేరే ఉన్నాయి. అడిగేవాళ్లు బాధ కోసం వెతుకుతున్న చోట చెప్పేవాళ్లు గర్వంగా ఉంటారు, అడిగేవాళ్లు గర్వం ఆశించిన చోట వాళ్లు ఇంటి ఖర్చుల గురించి మాట్లాడతారు. ఈ రెండు లెక్కలూ కలవని చోట్లే పుస్తకం బాగుంటుంది. కలిసిపోయిన చోట కాస్త చదునుగా ఉంటుంది.

'నిర్జన వారధి' దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన కోటేశ్వరమ్మ తన కథ తనే రాసుకుంది. పుస్తకం వచ్చేసరికి ఆమెకు 94 ఏళ్లు. బాల్యవివాహం, ఊహ తెలియని వయసులో వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి, పార్టీ, అజ్ఞాతవాసం. పోరాటం ముగిశాక భర్త వదిలేశాడు. అప్పుడు దాదాపు 35 ఏళ్ల వయసులో హైదరాబాద్ వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివింది. ఆ తర్వాత కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం.

ఉద్యమాలు, అజ్ఞాతవాసం, ఎన్‌కౌంటర్లు ఉన్న ఆత్మకథలో మెట్రిక్ పరీక్ష ఏమంత పెద్ద విషయం అనిపించవచ్చు. నాకు పుస్తకానికి నడుం అక్కడే ఉందనిపించింది. అప్పటిదాకా ఆమె లక్ష్యాలన్నీ బహువచనంలో ఉన్నాయి. దేశం, పార్టీ, జనం. మొదటిసారి ఏకవచనంలో ఒకటి వచ్చింది, చాలా చిన్నది: ఒక సర్టిఫికెట్, దానితో ఒక ఉద్యోగం, దానితో సొంత తిండి. ఇది ఏ 'ఐదు మెట్ల' పుస్తకంలోనైనా మొదటి మెట్టుగా ఉంటుంది. ఆమె జీవితంలో అది అన్నీ అయిపోయాక వచ్చింది.

ఇక్కడ కూడా ఆ గడి చూడాలి. ఆమె హాస్టల్లో కూర్చుని చదువుకుంటుంటే పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు? వాళ్ల అమ్మమ్మ దగ్గర. కోటేశ్వరమ్మ మెట్రిక్ పాసవడం వెనక ఇంకో ముసలామె పదేళ్ల పని ఉంది. కోటేశ్వరమ్మ గొప్పతనం, ఆ అమ్మను కనపడనివ్వడం. తన పట్టుదల గురించి ఎంత తక్కువ మాట్లాడుతుందో, తనకు ఎవరు అన్నం పెట్టారు, ఎవరు నీడ ఇచ్చారు అన్నది అంత వివరంగా చెప్తుంది. విజయగాథలు రాసేవాళ్లు ఆఖరి పేజీలో 'కృతజ్ఞతలు' అని చిన్న అక్షరాల్లో వేసే విషయం ఇక్కడ అసలు కథ. ఆ తర్వాత పిల్లలిద్దరూ ఆమెకంటే ముందే పోయారు. ఆ భాగం గురించి నేను రాయను, పుస్తకంలోనే చదవాలి.

స్వరాజ్యం పుస్తకం మా ప్రాంతం పుస్తకం, మా మాట ఉన్న పుస్తకం. విమల, కాత్యాయని ఆమెతో మాట్లాడి అక్షరాల్లో పెట్టారు. భూస్వాముల ఇంటి పిల్ల, పదేళ్ల ప్రాయంలో ఇంట్లో ధాన్యం తీసి వెట్టివాళ్లకు పంచింది. తర్వాత రాజక్క అయింది, తల మీద 10,000 రూపాయల వెల పలికింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది. 2022 మార్చిలో పోయింది. మా మండలం ఇప్పుడు ఆ నియోజకవర్గంలోనే ఉంది, కాబట్టి ఈ పుస్తకాన్ని దూరం నుంచి చదవడం నాకు చేతకాదు.

అయినా చెప్తాను. మూడింట్లో నన్ను తక్కువ కదిలించింది ఇదే. గొంతు తిరుగులేనిది, ఎక్కడా తడబడదు. ఆ తడబడకపోవడమే నాకు సమస్య. ఉపన్యాసాలు ఇచ్చి ఇచ్చి నిగ్గుతేలిన గొంతు అది. అనుమానం కలిగిన క్షణాలు కూడా సభలో చెప్పినంత స్పష్టంగా వస్తాయి. అయితే తప్పు మొత్తం పుస్తకానిది కాదు, మన చదువుది కూడా. ఆమె గురించి ఎవరు రాసినా తుపాకీ దగ్గర మొదలుపెట్టి తుపాకీ దగ్గర ఆపుతారు. 1951కి, 1978కి మధ్య 27 ఏళ్లున్నాయి. పెళ్లి, పిల్లలు, భర్త పూర్తికాలం పార్టీ పని, ఇంటి వ్యవసాయం. తుపాకీ పట్టిన కాలం కంటే ఇది ఎన్నో రెట్లు పెద్దది. నా వయసు వాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఆ భాగమే. పెద్ద లక్ష్యం చెదిరిపోయాక, చిన్న పనుల మధ్య, దాన్ని వదలకుండా ఒక మనిషి ఎట్లా నెట్టుకొచ్చింది?

ఇదంతా పాత సంగతి అనుకునేవాళ్లు ఒకసారి హైదరాబాద్ అశోక్‌నగర్ పోయి రావచ్చు. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలతో ఆ వీధులు నిండి ఉంటాయి. గోడల మీద టైంటేబుళ్లు, లక్ష్యాలు, రంగు రంగుల స్కెచ్ పెన్నులు. అబ్బాయిల గడువు నోటిఫికేషన్. అమ్మాయిల గడువు చాలా ఇళ్లలో సంబంధం. "ఈసారి రాకపోతే ఇంకా చూడలేం బిడ్డా" అని ఫోన్‌లో నాన్న మెత్తగానే చెప్తాడు. అన్న మూడోసారి రాస్తుంటే అదే నాన్న ఇంకో ఏడాది రూమ్ అద్దెకు అప్పు తెస్తాడు. ఇద్దరి చేతిలోనూ ఒకే పుస్తకం ఉంటుంది, లక్ష్యం రాసి గోడకి అంటించమని చెప్పే పుస్తకం. ఇద్దరూ అంటిస్తారు. చదివే గంటలు ఇద్దరివీ ఒకటే కావచ్చు. ఏది ముందు అన్నది తేల్చే చోట మాత్రం ఒకరే కూర్చుని ఉంటారు, రెండో మనిషికి ఫోన్‌లో చెప్తారు.

ఆ అమ్మాయికి వ్యక్తిత్వ వికాసం పుస్తకం వద్దని నేను చెప్పను. పొద్దున్నే లేవడానికి, భయం తగ్గడానికి అది పనిచేస్తుంది. కానీ ఆ ఫోన్ పెట్టేశాక వచ్చే రాత్రికి ఆ పుస్తకంలో పేజీ లేదు. "నీ సంకల్పం గట్టిగా లేదేమో, మళ్లీ మొదటి మెట్టు నుంచి చూడు" అంటుంది. కోటేశ్వరమ్మ అట్లా అనదు.

మూడింట్లో ముందు ఏది చదవాలి అని అడిగితే 'నిర్జన వారధి' అంటాను. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. తర్వాత 'మనకు తెలియని మన చరిత్ర'లో కమలమ్మ భాగం, అక్కడి నుంచి వెనక్కి పోయి మొత్తం. స్వరాజ్యం పుస్తకాన్ని చివర్లో, 1951 దగ్గర తెరిచి చదవండి.